రెసిడెన్సీ బజారు ఏమైంది?

కోఠిలో బస్సు దిగి బడీ చౌడీ వైపు నడిచేవాళ్లలో రెసిడెన్సీ బజారు అనే పేరు విన్నవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. చీరల దుకాణాలు, గాజులు, స్టీలు సామాన్లు, పెళ్లి షాపింగు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, ఇదంతా మనకు సుల్తాన్ బజార్, లేదంటే కోఠి. 1933 దాకా ఇది రెసిడెన్సీ బజారు. ప్రభుత్వం మారితే వీధి పేరు మారడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. ఇక్కడ మారింది మాత్రం బోర్డు ఒక్కటే కాదు. ఆ రోజుల్లో ఈ బజారులో అడుగుపెడితే నిజాం ప్రభుత్వ అధికారం దాటి బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి, అధికారంలోకి వచ్చినట్టే. పోలీసులు వేరు, కోర్టులు వేరు. ఒకే ఊళ్లో, ఒక బజారు చుట్టూ, కంటికి కనపడని సరిహద్దు ఉండేది. పేరుతో పాటు ఆ సరిహద్దు సంగతి కూడా జనం మరిచిపోయారు. 1857లో తిరుగుబాటు వీరుడు తుర్రెబాజ్ ఖాన్ ఇటువైపే ఎందుకు వచ్చాడు, అప్పులిచ్చే సాహుకార్ల ఇళ్లు రెసిడెన్సీ గేటు ముందే ఎందుకు లేచాయి, తెలుగువాళ్ల గ్రంథాలయం ఇక్కడే ఎందుకు స్థిరపడింది అని అడిగితే, జవాబు ఆ సరిహద్దు దగ్గరే దొరుకుతుంది.

దీనికి మూలం 1798 నాటి ఒప్పందం. ఆ ఏడాది రెండో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. అప్పటిదాకా ఫ్రెంచి అధికారులు నడిపించిన పటాలాలను రద్దు చేసి, వాటి చోట కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. దాని ఖర్చు నిజాందే. ఈ ఒప్పందం కుదిర్చిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. పారశీకం వచ్చినవాడు, దర్బారు మర్యాదలు తెలిసినవాడు, నిజాం చేత హష్మత్ జంగ్ అనే బిరుదు పొందినవాడు. నగరంలోని ఒక పెద్ద కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లి చేసుకున్నాడు. ఈ మధ్య ఆ ప్రేమకథకు బాగా ప్రచారం వచ్చింది. రెసిడెన్సీ అనగానే అందరూ ఆ కథే చెబుతారు. ఆ భవనం చుట్టూ బతికిన ఊరి గురించి అడిగేవాళ్లు, చెప్పేవాళ్లు మాత్రం అరుదు. భవనం కంటే ఆ ఊరి చరిత్రే మనకు ఎక్కువ సంబంధించినది.

భవనం పని 1803లో మొదలైంది. మద్రాసు ఇంజనీర్ల పటాలానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దాని రూపశిల్పి. డబ్బు నిజాం ఖజానాది. చోటు మూసీకి ఉత్తరపు ఒడ్డు. ప్రాకారం లోపలి అసలు నగరం నదికి దక్షిణాన ఉంటే, రెసిడెంటు నదికి ఇవతల, గోడల బయట, విశాలమైన తోటలో ఉండేవాడు. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో చనిపోయాడు. ఆ స్తంభాల మేడలో ఎక్కువ కాలం ఉన్నది అతని తర్వాత వచ్చిన రెసిడెంట్లే. జనం ఆ మేడను కోఠీ అన్నారు. పెద్దవాళ్ల భవంతిని అలా పిలవడం అప్పటి వాడుక. కోఠి అనే ప్రాంతం పేరు అలా వచ్చిందే.

మేడ ఉన్నచోట గుమాస్తాలు, మున్షీలు, సిపాయిలు, గుర్రాలవాళ్లు, వంటవాళ్లు ఉంటారు. వాళ్లందరికీ బియ్యం, బట్ట, నూనె అమ్మేవాళ్లు కావాలి. బజారు అలా మొదలైంది. కానీ కేవలం ఆ అవసరంతోనే అయితే అది చిన్న అంగడిగా మిగిలేది. దాన్ని పెద్ద బజారుగా చేసింది అప్పుల వ్యాపారం. నిజాం రాజ్యంలో జమీందార్లకు, ఉమరావులకు, చివరికి ప్రభుత్వానికి కూడా అప్పులిచ్చేది సాహుకార్లే. అప్పు తీసుకున్నవాడు బలవంతుడైతే వసూలు కష్టం. సొంత సిపాయిలున్న నవాబు ఇంటికి వెళ్లి బాకీ అడగడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. రెసిడెంటు నీడలో ఇల్లు, కొట్టు ఉంటే ఆ భయం తగ్గుతుంది. గుజరాతీ, మార్వాడీ వ్యాపారులు ఈ గేటు ముందు మేడలు కట్టుకోవడానికి అంతకంటే పెద్ద కారణం వెతకక్కర్లేదు. 1831లో మూసీ మీద చాదర్‌ఘాట్ వంతెన పూర్తయ్యాక పాత నగరంతో రాకపోకలు సులువయ్యాయి. ఆ వంతెన కట్టించిన ఇంజనీరు పేరు మీద దాన్ని ఒలిఫెంట్ వంతెన అని కూడా అనేవారు.

ఈ అప్పుల వ్యాపారంలో అందరికంటే పెద్ద పేరు విలియం పామర్ కంపెనీ. పామర్ తండ్రి ఈస్టిండియా కంపెనీ జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. 1814లో రెసిడెన్సీ పక్కన బ్యాంకింగ్ వ్యాపారం మొదలుపెట్టి, నిజాం ప్రభుత్వానికే భారీగా అప్పులిచ్చాడు. వడ్డీ నూటికి పాతిక దాకా ఉండేది. గవర్నర్ జనరల్‌కు దగ్గరివాళ్లు ఈ సంస్థలో భాగస్వాములు కావడంతో కొంతకాలం అడిగేవాడు లేకుండా సాగింది. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ వ్యవహారాన్ని బయటపెట్టాడు. చివరికి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వమే డబ్బిచ్చి పామర్ బాకీ తీర్చింది. దానికి బదులుగా ఉత్తర సర్కారుల మీద నిజాంకు ఏటా తాను కట్టాల్సిన 7 లక్షల రూపాయల పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేయించుకుంది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తెలుగు జిల్లాలకూ హైదరాబాద్ నిజాంకూ మధ్య మిగిలిన చివరి డబ్బు సంబంధం ఇలా కోఠిలోని ఒక వడ్డీ లెక్కలో తెగిపోయింది. ఆంధ్ర ప్రాంత చరిత్ర చెప్పేటప్పుడు సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ల చేతికి ఎలా వెళ్లాయో చాలా వివరంగా చెబుతారు. ఈ చివరి ముడి సంగతికి వచ్చేసరికి ఒక్క వాక్యం కూడా రాయరు.

1857కు వచ్చేసరికి ఈ బజారు మేడలే కోట బురుజులయ్యాయి. ఉత్తరాదిలో తిరుగుబాటు మొదలయ్యాక హైదరాబాద్‌లో ఉద్రిక్తత పెరిగింది. చీదా ఖాన్ అనే జమాదారును పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించారు. అతన్ని విడిపించాలని జులై 17న జనం కదిలారు. వాళ్లకు ముందు నడిచింది రొహిల్లా వీరుడు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. పుత్లీబౌలి వైపు రెసిడెన్సీకి ఎదురుగా ఉన్న ఇద్దరు సాహుకార్ల ఇళ్లు ఎక్కి, అక్కడి నుంచి లోపలికి కాల్పులు జరిపారు. రాత్రంతా కాల్పులు సాగాయి. దివాను మొదటి సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో రెసిడెంటు కర్నల్ డేవిడ్‌సన్ సిద్ధంగా ఉన్నాడు, లోపల ఫిరంగులున్నాయి. తెల్లవారేసరికి దాడి విఫలమైంది.

రెసిడెంటు రక్షణ కోరి కట్టుకున్న ఇళ్లే రెసిడెంటు మీద దాడికి మెట్లయ్యాయన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. బజారు గేటుకు అంత దగ్గరగా పెరగకపోతే తుర్రెబాజ్ ఖాన్ మనుషులకు ఎక్కి కాల్చడానికి చోటే ఉండేది కాదు. దాడి తర్వాత రెసిడెన్సీ గోడలు ఎత్తు పెరిగాయి, బురుజులు వచ్చాయి. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, జైలు నుంచి తప్పించుకున్నాడు, 1859లో తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని నగరానికి తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. ఆయన అక్కడే చనిపోయాడు.

ఆ తర్వాతి డెబ్బయి ఏళ్లకు పైగా ఈ బజారు రెండు రాజ్యాల మధ్య బతికింది. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దార్ రూపాయలు మారకం. నగరంలో డబ్బు హాలీలో తీసుకుని, బయటి సరుకుకు కల్దార్‌లో కట్టాల్సిన వ్యాపారికి ఈ తేడా రోజూ తలనొప్పే. డబ్బు మార్చేవాడికి మాత్రం అదే జీవనాధారం. రెసిడెన్సీ హద్దుల్లో ఒక గొడవ జరిగితే అది ఏ ఠాణాకు వెళ్తుంది, ఏ కోర్టులో తేలుతుంది అన్నది వీధికి ఏ పక్క జరిగిందన్న దాన్ని బట్టి ఉండేది. నగరం మధ్య ఇలాంటి ఏర్పాటు ఇంతకాలం నడిచిందంటే ఇప్పుడు నమ్మడం కష్టం.

ఈ చరిత్రలో తెలుగువాళ్లు తప్పకుండా ఆగి చూడాల్సిన ఘట్టం 1901. ఆ ఏడాది సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు దీని వెనక నిలబడ్డవాళ్లు. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లు అందరికంటే ఎక్కువ. పాలన, కోర్టు మాత్రం ఉర్దూలో. తెలుగు పుస్తకం చదవాలనుకున్నవాడికి నగరంలో వెళ్లడానికి ఒక చోటు లేదు. ఆ లోటును తీర్చింది ఈ నిలయం. నిజాం రాజ్యంలో ఇది మొట్టమొదటి తెలుగు గ్రంథాలయం. 1906లో ఇదే బృందం విజ్ఞాన చంద్రికా మండలిని కూడా స్థాపించింది. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం తెలుగులో రాయించి అచ్చు వేయడం దాని పని. రంగారావు 1910లో చనిపోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళం నిలయానికి సొంత గూడు ఏర్పడడానికి ఆధారమైంది. ఆ గూడు రెసిడెన్సీ బజారులో, ఇప్పటి సుల్తాన్ బజార్‌లో ఏర్పడింది.

ఇది కాకతాళీయం అనుకోవడం పొరపాటు. నిజాం రాజ్యంలో సభ పెట్టాలన్నా, సంఘం నడపాలన్నా ఆంక్షలుండేవి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు చెబితే ఆ తరం కార్యకర్తలకు ఒళ్లు మండేది. రెసిడెన్సీ హద్దుల్లో ఆ ఉత్తర్వులకు బలం లేదు. 1892లో మొదలైన ఆర్యసమాజం శాఖ కూడా ఈ బజారులోనే వేళ్లూనుకుంది. అలాగని ఇది బ్రిటిష్‌వాళ్ల దయ అని చెప్పడానికి వీల్లేదు. బ్రిటిష్ ఇండియాలో వాళ్ల సొంత నిర్బంధాలు వాళ్లకున్నాయి. తుర్రెబాజ్ ఖాన్ శవాన్ని వేలాడదీసిన అధికారం ఏదో మరిచిపోకూడదు. రెండు అధికారాలు తగిలేచోట ఏర్పడిన సందును తెలివిగా వాడుకున్నది స్థానికులు. ఆ తెలివి వాళ్లది, ఆ శ్రమా వాళ్లదే.

1921 నవంబరు 12 నాటి సంఘటన దీనికి కూతవేటు దూరంలో, వివేకవర్ధిని థియేటర్‌లో జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి మాట్లాడనివ్వలేదు. అదే రాత్రి కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటివాళ్లు దాన్ని ముందుకు నడిపించారు. తొమ్మిదేళ్లకు, 1930లో, జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలంగాణ రాజకీయ చైతన్యానికి ఆ సభే పునాది అంటారు. ఆ పునాదికి మట్టి తవ్వింది మాత్రం కోఠి చుట్టుపక్కల రెండు మూడు ఫర్లాంగుల నేలలో.

ఇక 1933. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అసలు అడిగింది బేరార్. 1853లో కంపెనీ తీసుకున్న ఆ సంపన్న పత్తి ప్రాంతాన్ని తిరిగి ఇవ్వమని ఆయన గట్టిగా కోరితే, 1926లో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఘాటుగా జవాబిచ్చాడు. సార్వభౌమాధికారం బ్రిటిష్ చక్రవర్తిదేనని, నిజాం సమానుడిగా వాదించడానికి వీల్లేదని అందులో తేల్చి చెప్పాడు. ఆ తర్వాత ఏడేళ్లకు నిజాంకు దక్కింది రెసిడెన్సీ బజార్లు. విస్తీర్ణంలో బేరార్‌తో పోలికే లేదు. కానీ తన రాజధాని నడిబొడ్డున తన పోలీసు వెళ్లలేని చోటు లేకుండా పోవడం ఏ పాలకుడికైనా పెద్ద సంగతే. అప్పుడు పెట్టిన పేరు సుల్తాన్ బజార్. ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వచ్చిందో ఆ పేరే చెబుతోంది. అదే సమయంలో, విడిగా ఉన్న చాదర్‌ఘాట్ మునిసిపాలిటీని హైదరాబాద్‌తో కలిపారు. మూసీకి ఇవతలి ఊరు, అవతలి ఊరు ఒకే పాలన కిందికి వచ్చాయి.

పేరు మార్చినంత మాత్రాన జనం నోట నిలబడదు. సుల్తాన్ బజార్ నిలబడింది. ఎందుకు? దానితో పాటు నిజంగా జీవితం మారింది కాబట్టి. ఠాణా మారింది, కోర్టు మారింది, పన్ను కట్టే చోటు మారింది. కొత్త పేరు రాయకుండా ఏ కాగితమూ నడవని పరిస్థితి. పద్నాలుగేళ్లకు, 1947లో, రెసిడెంటే లేకుండా పోయాడు. ఇక పాత పేరును పట్టుకుని ఉండడానికి ఎవరికీ అవసరం లేదు.

సికింద్రాబాద్‌లో కథ వేరుగా నడిచింది. అక్కడి కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది, జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయింది. ఆర్పీ రోడ్, ఎంజీ రోడ్ అని పొట్టి పేర్లతో ఇప్పుడు అందరూ పిలుస్తారు. కానీ ఎంఎంటీఎస్ ఎక్కితే జేమ్స్ స్ట్రీట్ స్టేషన్ ఇప్పటికీ వస్తుంది. రైల్వే తన పట్టికల్లో పేరు మార్చలేదు కాబట్టి, మిగతా చోట్ల మాయమైన వీధి పేరు రైలు బోర్డు మీద మిగిలింది. కోఠిలో రెసిడెన్సీ బజారుకు అలాంటి ఆధారం ఒక్కటీ మిగల్లేదు. అధికారాన్ని బట్టి వచ్చిన ఈ బజారు రెండు పేర్లూ కాకుండా, జనం తమంతట తాము పెట్టుకున్న కోఠి మాత్రం బస్సు బోర్డుల మీద, ఆటోవాళ్ల నోళ్లలో రెండు వందల ఏళ్లుగా ఉంది.

ఇక్కడే తుర్రెబాజ్ ఖాన్ పేరున ఒక రోడ్డు కూడా ఉంది. 1857 అమరులకు కోఠి బస్టాండ్ దగ్గర స్మారకమూ ఉంది. గౌరవించాల్సిన పేరే. కానీ చిరునామా చెప్పేవాళ్లు ట్రూప్ బజార్ అనో, కోఠి అనో చెబుతారు తప్ప ఆ రోడ్డు పేరు ఎత్తరు. కారణం తుర్రెబాజ్ ఖాన్ మీద నిర్లక్ష్యం మాత్రమే అనుకోలేం. ఆయన ఈ చోట ఏం చేశాడో, ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడో చెప్పే రెసిడెన్సీ పేరు పక్కన లేకపోవడం కూడా ఒక కారణం. దాడి చేసినవాడి పేరు పెట్టి, దాడి జరిగిన చోటు పేరు తీసేస్తే ఆ పేరుకు ఆధారం ఉండదు.

రెసిడెన్సీ భవనం పేర్ల కథ ఇంకా సాగుతూనే ఉంది. 1949లో అక్కడికి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. రెసిడెంటు దర్బారు నడిచిన మేడలో తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు చదువుకున్నారు. ఆ భవనం చరిత్రలో ఇంతకంటే మంచి మలుపు లేదు. 2022లో అది తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల మీద భూమి కోసం నిలబడ్డ చాకలి మహిళ పేరు, నిజాం ఖజానా డబ్బుతో ఇంగ్లీషు అధికారి కోసం కట్టిన మేడకు. జనం మాత్రం ఇప్పటికీ కోఠి ఉమెన్స్ కాలేజీ అనే అంటారు. ఐలమ్మ పేరు కూడా నిలవాలంటే సర్టిఫికెట్ల మీద, బస్సు బోర్డుల మీద, అనౌన్స్‌మెంట్లలో రోజూ కనపడాలి, వినపడాలి. సుల్తాన్ బజార్ నిలిచింది అలాగే.

బజారు రూపం కూడా పాత రూపం కాదు. మెట్రో రైలు ఈ ఇరుకు దారిలోంచి వెళ్తుందని తెలిసినప్పటి నుంచి వ్యాపారులు ఏళ్ల తరబడి వ్యతిరేకించారు. దారి మళ్లించాలన్న ఆలోచన కూడా వచ్చింది. చివరికి బడీ చౌడీ మీదుగానే స్తంభాలు లేచాయి, దుకాణాల ముఖాలు కొన్ని పోయాయి. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 11 కిలోమీటర్ల ఆ మార్గం 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. స్టేషన్ పేరు సుల్తాన్ బజార్. లక్షల మంది ప్రయాణించే నగరానికి మెట్రో కావాలి, అందులో సందేహం లేదు. అయితే కూల్చే ముందు ప్రతి ఇంటి ముఖాన్నీ, బాల్కనీనీ, చెక్క తలుపునూ ఫొటో తీసి, కొలిచి, జనం చూడగలిగే చోట పెట్టడం పెద్ద ఖర్చు కాదు. నగరంలో రోడ్డు వెడల్పు చేసిన ప్రతిచోటా ఇది జరగాల్సిన పని.

పేరు తిరిగి మార్చమని అడగడంలో అర్థం లేదు. సుల్తాన్ బజార్ పేరుకు ఇప్పుడు తొంభై ఏళ్లు దాటాయి, అది కూడా చరిత్రే. కావలసింది పక్కన పాత పేరు. మెట్రో స్టేషన్‌లో ప్లాట్‌ఫారం గోడ మీద "1933కు ముందు రెసిడెన్సీ బజారు" అని తెలుగులో, ఉర్దూలో ఒక వరుస చాలు. పుత్లీబౌలి చౌరస్తాలో 1857 జులై 17 రాత్రి కాల్పులు ఎటునుంచి ఎటు జరిగాయో చూపించే చిన్న పటం పెట్టవచ్చు. విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఈ భవనం మారిన పేర్లన్నీ సంవత్సరాలతో సహా వరుసగా రాయవచ్చు. భాషా నిలయం గోడ మీద రంగారావు పేరుతో పాటు లక్ష్మీనరసమ్మ పేరూ అంతే పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆ గోడ కట్టిన నాటికి ఈ వీధి ఏ అధికారం కిందుండేదో కూడా అక్కడే రాయాలి. నాలుగు పలకల పని ఇది. మునిసిపల్ కార్పొరేషన్, మెట్రో సంస్థ, విశ్వవిద్యాలయం కలిసి కూర్చుంటే అయిపోయే పని.